కాన్వాస్ సంచీ, కాలేజీ బ్యాగూ

బ్యాగు ఎలా పోయిందని ఎవరినైనా అడగండి. "జిప్పు పోయింది" అంటారు. "పట్టీ ఊడింది" అంటారు. "లోపలి పొర లేచి పుస్తకాలకు అంటుకుంటోంది" అంటారు. గుడ్డ చిరిగి పోయిందని చెప్పేవాళ్ళు చాలా తక్కువ. గుడ్డ నిక్షేపంలా ఉండగానే బ్యాగు అటకెక్కుతుంది. అయినా కొనేటప్పుడు మనం చూసేది గుడ్డనే. వేలితో నొక్కి, గోటితో గీకి, రంగు చూసి, పేరు చూసి డబ్బులిస్తాం. పోయే చోటు ఒకటి, మనం చూసే చోటు ఇంకొకటి. రోజువారీ పనికీ, కొండా అడవీ తిరగడానికీ కలిపి ఒకే చిన్న సంచి కావాలనుకునేవాళ్ళు ముందుగా సరిచేసుకోవలసింది ఈ చూపునే.

అందుకే రెండు సంచులను పక్కపక్కన పెట్టి చూద్దామని కూర్చున్నాను. రెండూ తిరువూరులో మా ఇంట్లో ఒకే మేకుకు వేలాడుతున్నవే. ఒకటి లారీ పట్టాలు కుట్టే మిషన్ మీద నాలుగేళ్ళ కిందట కుట్టించుకున్న ఖాకీ కాన్వాస్ సంచి. ఎత్తు 40 సెంటీమీటర్లు, వెడల్పు 28, లోతు 14. లెక్క కడితే 15 లీటర్లు దాటుతుంది. ఖాళీగా తూస్తే 720 గ్రాములు. రెండోది దాదాపు అదే కాలంలో కొన్న రెడీమేడ్ పాలిస్టర్ బ్యాగు. పిల్లలు కాలేజీ బ్యాగు అనే రకం. పరిమాణంలో రెండూ ఇంచుమించు సమానం, తూకంలో మాత్రం ఇది 440 గ్రాములే. ఖరీదులో పెద్ద తేడా లేదు. రెండూ నా వీపు మీదే తిరిగాయి కాబట్టి, వాటి గుణదోషాలు చెప్పడానికి నాకు కొంత హక్కుందనుకుంటాను.

పని ముందు, సంచి తర్వాత

ఏ పనికో చెప్పకుండా సంచి మంచిచెడ్డలు ఎంచడం, కొలత తీసుకోకుండా చొక్కా కత్తిరించడం లాంటిది. తిరువూరు 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఇటు మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా విజయవాడ, అటు పెనుబల్లి, కొత్తగూడెం, భద్రాచలం దాటితే ఛత్తీస్‌గఢ్. ఊరు చుట్టూ మామిడి తోటలు. నాలుగు అడుగులు వేస్తే తెలంగాణ సరిహద్దు. ఇక్కడి మనిషి సంచికి వారంలో ఐదు రోజులు బస్సు ప్రయాణం, ఒకరోజు తోట, వీలైతే నెలకోసారి కొండపల్లి అడవి. మోసేవి కూడా పెద్దగా మారవు. లీటరు నీళ్ళ సీసా, క్యారియర్, గొడుగు, తువ్వాలు, నాలుగు కాగితాలు, ఒక పుస్తకం, చార్జరు. తిరిగొచ్చేటప్పుడు కూరగాయలో, మందులో. అంతా కలిపి నాలుగైదు కిలోలు.

ఎంత మొయ్యాలన్నదానికి ఒక మంచి కొలత ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ, బడిపిల్లల సంచి వాళ్ళ ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని చెప్పింది. పెద్దవాళ్ళం కూడా ఆ లెక్క పాటిస్తే నడుము మిగులుతుంది. 60 కిలోల మనిషికి 6 కిలోలు. 15 లీటర్ల సంచిలో మామూలు సామాను నింపితే బరువు దాదాపు అక్కడే ఆగుతుంది. అదే 30 లీటర్ల సంచైతే ఖాళీ ఉంది కదా అని ఇంకో రెండు వస్తువులు పడేస్తాం. చిన్న సంచి కావాలనడానికి అసలు కారణం ఇదే. మన ఆశకు అది హద్దు గీస్తుంది.

రెండు వంశాలు

ఈ రెండు సంచులూ రెండు వేర్వేరు వంశాలవి. పుట్టుక తెలిస్తే గుణం తెలుస్తుంది.

కాన్వాస్ అనే మాటకు మూలం గంజాయి జాతి జనపనారకు లాటిన్‌లో ఉన్న పేరు. ఓడ తెరచాపలూ, డేరాలూ, బండి కప్పులూ ఆ నారతోనే నేసేవారు. పత్తి కాన్వాస్ తర్వాత వచ్చింది. వీపున మోసే కాన్వాస్ సంచుల చరిత్రలో 1882 ముఖ్యమైన సంవత్సరం. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం డులూత్ ఊళ్ళో కమీల్ పోయిరే అనే ఆయన మూతా, బకిళ్ళూ, భుజపట్టీలూ ఉన్న కాన్వాస్ సంచికి పేటెంటు తీసుకున్నాడు. అడవుల్లో, సరస్సుల్లో పడవలు మోసుకుంటూ తిరిగే కష్టజీవుల కోసం పుట్టిన సంచి అది. డులూత్ ప్యాక్ పేరుతో ఆ రకం సంచులు అక్కడ నేటికీ కుడుతున్నారు. మనకు కాన్వాస్ పరిచయమైంది లారీ పట్టాగా, పోస్టుమాన్ భుజాన ఖాకీ సంచిగా, ఎన్‌సీసీ క్యాంపు డేరాగా. అంతకు ముందు మన భుజాల మీద జోలె ఉండేది, చేతిలో గుడ్డసంచి ఉండేది. బడికి వెళ్ళే పిల్లలకు దర్జీ కొట్లో మిగిలిన ముక్కలతో అమ్మలు కుట్టిచ్చిన సంచులు ఉండేవి. అవి చిరిగేవి. చిరిగిన సాయంత్రమే సూదీ దారం వచ్చేది.

కాలేజీ బ్యాగు వంశం వేరు. 1935లో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ నైలాన్ తయారుచేశాడు. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలిస్టర్ దారానికి దారి తీశారు. 1967లో అమెరికాలో గెర్రీ కన్నింగ్‌హామ్ జిప్పుతో తెరుచుకునే తేలికైన నైలాన్ వీపు సంచిని బజారులోకి తెచ్చాడు. ఆయన పర్వతారోహకుడు. అదే ఏడు సియాటిల్‌లో జాన్‌స్పోర్ట్ కంపెనీ మొదలైంది. కొండలెక్కేవాళ్ళ సంచి విద్యార్థుల భుజాల మీదికి దిగింది ఆ తర్వాతే.

కొండ మీద ప్రతి గ్రామూ ఊపిరిని తింటుంది. మా తిరువూరు రోడ్డు మీదే భద్రాచలం దాటి పక్కకు తిరిగితే వచ్చే చర్ల మండలం కుర్రవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఆ ఎత్తుకు ఈ రోజుల్లో ఎవరూ కాన్వాస్ మొయ్యరు, మొయ్యకూడదు కూడా. అక్కడ నైలాన్ గెలుపు సంపూర్ణం.

అయితే మన రోజు ఏ వంశానికి దగ్గర? మంచు శిఖరానికా, బస్సు ఫుట్‌బోర్డుకా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

గుడ్డతో గుడ్డ

కాన్వాస్‌ను చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని తూస్తారు. 350 గ్రాముల లోపుది చేతిసంచికి సరిపోతుంది. 450 నుంచి 550 గ్రాములది వీపు సంచికి తగినది. 600 దాటితే డేరా గుడ్డ, దాన్ని సంచిగా మోస్తే గుడ్డనే మోసినట్టుంటుంది. పాలిస్టర్‌కు డెనియర్ కొలత. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. కాలేజీ బ్యాగుల మీద ఎక్కువగా కనిపించేది 600 డెనియర్.

బరువులో పాలిస్టర్‌దే గెలుపు. నా రెండు సంచుల మధ్య తేడా 280 గ్రాములు, అంటే పెద్ద గ్లాసుడు నీళ్ళు. నాలుగు కిలోలు మోసే రోజున ఆ తేడా నాకు తెలియలేదు. అడవిలో మూడు గంటలు నడిచినరోజు తెలిసింది.

రాపిడిలో కూడా నిజం ఒప్పుకోవాలి. మంచి నైలాన్, ముఖ్యంగా 1000 డెనియర్ కార్డురా రకం, రాయికీ సిమెంటుకీ రాసుకున్నా పత్తి కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. నా కాన్వాస్ సంచి అడుగు మూలలు రెండేళ్ళకే నూగుదేరాయి. అక్కడ ఇంకో పొర వేయించాను. కొత్తగా కుట్టించుకునేవాళ్ళు మొదటే అడుగును రెండు పొరలుగా వేయించుకోవడం మంచిది.

ముల్లు దగ్గర లెక్క మారుతుంది. కొండపల్లి చుట్టుపక్కల తుమ్మ, రేగు పొదల మధ్య నడిస్తే సంచికి ముల్లు గీరుకోక తప్పదు. పలచని పాలిస్టర్‌లో ముల్లు దారాన్ని పట్టి లాగుతుంది. పోగు లేచి గీత పడుతుంది, అక్కడ పూత పగులుతుంది. మందపాటి కాన్వాస్‌లో ముల్లు దిగుతుంది, వస్తుంది. బొటనవేలితో రుద్దితే రంధ్రం మూసుకుంటుంది. నిప్పు దగ్గరా అంతే. నైలాన్, పాలిస్టర్ రెండూ 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరిగిపోతాయి, అందుకే బీడీ నిప్పురవ్వ పడినా చిల్లే. పత్తి కరగదు, మాడుతుంది. రవ్వను దులిపేస్తే నల్లమచ్చతో పోతుంది.

ఎండకు రెండూ నలుగుతాయి. నైలాన్ త్వరగా బలం కోల్పోతుంది, పాలిస్టర్ కాస్త ఓర్చుకుంటుంది, పత్తి మధ్యస్థం. కానీ మన ఎండలో ముందు పోయేది గుడ్డ కాదు, దాని లోపలి పూత. పాలిస్టర్ దారం నీళ్ళను పీల్చదు, కానీ నేతలోని సందుల్లోంచి నీళ్ళు దిగుతాయి. వాటిని ఆపడానికి లోపలివైపు పలచని పూత వేస్తారు. అది పాలియురెథేన్ అయితే వేడి, గాలిలో తేమ కలిసి దాన్ని లోలోపల విడగొడతాయి. మే నెల ఎండా, జూలై ఉక్కా ఒకదాని తర్వాత ఒకటి వచ్చే మన ప్రాంతంలో ఆ పని వేగంగా జరుగుతుంది. మొదట జిగురుగా అవుతుంది, తర్వాత పొట్టులా రాలుతుంది. నా కాలేజీ బ్యాగు లోపల మూడో ఏడాది నుంచే పొట్టు మొదలైంది. పైకి చూస్తే కొత్తదే. ఊడిన పూతను ఏ దర్జీ తిరిగి వెయ్యలేడు. కాన్వాస్‌కు ఈ రోగం లేదు, ఎందుకంటే దానికి ఊడిపోవడానికి పూతే లేదు.

మామిడి సొన సంగతి కూడా చెప్పాలి. తోటకు వెళ్ళొచ్చిన కాన్వాస్ సంచి మీద సొన మరక పడితే ఇక పోదు. పాలిస్టర్ మీద వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది. చేపల వాసన, చెమట వాసన కూడా కాన్వాస్‌నే ఎక్కువ పట్టుకుంటాయి. శుభ్రతకు మొదటి స్థానమిచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

వాన

వాన దగ్గర ఒక చిత్రం ఉంది. మామూలు తేమలో పత్తి తన బరువులో ఎనిమిదిన్నర శాతం నీటిని పట్టుకుంటుంది, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం లోపే. కాబట్టి కాన్వాస్ తడుస్తుంది, బరువెక్కుతుంది, ఆరడానికి రోజంతా తీసుకుంటుంది. ముసురు పట్టిందంటే రెండు రోజులు. తడిగా మడిచి పెడితే బూజు పడుతుంది, బూజు పత్తిని తింటుంది. ఇదంతా కాన్వాస్ ఖాతాలో నిజమైన అప్పు.

రెండో పక్కన, పత్తి పోగు తడిస్తే బలం తగ్గదు, కాస్త పెరుగుతుంది. నైలాన్‌కు తడిస్తే బలం కొంత తగ్గుతుంది. తడిసిన పత్తి పోగులు ఉబ్బి నేతలోని సందులను మూసేస్తాయి. పాతకాలపు డేరాలు వానలో నిలిచింది ఈ గుణం వల్లనే. చిక్కగా నేసిన కాన్వాస్ సంచి పావుగంట జల్లును లోపలికి రానివ్వదు. అంతకు మించితే లోపలి వస్తువు ఆనుకున్న చోట తడి దిగుతుంది.

2024 ఆగస్టు నెలాఖరు వానలను మన జిల్లా మరిచిపోలేదు. విజయవాడలో బుడమేరు ఇళ్ళ మీదికి వచ్చిన రోజులవి. అలాంటి వానలో ఈ రెండు సంచుల్లో ఏదీ కాగితాలను కాపాడదు. కాలేజీ బ్యాగు గుడ్డ నీళ్ళను ఆపినా, జిప్పూ కుట్టు రంధ్రాలూ ఆపవు. కాగితాలను పాలిథిన్ కవరులో చుట్టి పెట్టుకోవడమే మన పెద్దల పద్ధతి. రెండు సంచులకూ అదే మందు.

కాన్వాస్‌కు మైనం పట్టించే పద్ధతి చలిదేశాల్లో ప్రసిద్ధం. మన ఎండకు అది అంతగా నప్పదు. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. మే నెలలో బండి మీద ఎండలో వదిలిన సంచి చొక్కాకు జిడ్డు పూస్తుంది. వానాకాలం ముందు మూతకూ అడుగుకూ మాత్రం పలచగా పట్టిస్తే చాలు. ఇంకో పాత పద్ధతీ ఉంది. గుడ్డను సబ్బునీళ్ళలో ముంచి ఆరబెట్టి, తర్వాత పటిక నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. పటికలోని అల్యూమినియం సబ్బుతో కలిసి నీళ్ళను నెట్టే పొరగా పోగుల్లో నిలుస్తుంది. ఎండకు కరగదు. నాలుగు ఉతుకులకు పోతుంది, మళ్ళీ చెయ్యాలి.

కుట్టు

ఇప్పటివరకు చూసినది గుడ్డ. ఇక్కడ గెలుపోటములు దాదాపు సమానం, కొన్ని చోట్ల పాలిస్టర్‌దే మొగ్గు. అసలు తీర్పు సంచిని తిరగేసినప్పుడు తేలుతుంది.

భుజపట్టీ పైకొస సంచికి కలిసేచోటును చూడండి. బస్సు అందుకోవడానికి పరుగెత్తినప్పుడు సంచిలో ఉన్న ఐదు కిలోలూ ప్రతి అడుగుకూ అక్కడే గుంజుతాయి. నా కాలేజీ బ్యాగులో ఆ కొసను రెండు గుడ్డల మధ్య దూర్చి ఒకే వరస కుట్టుతో వదిలేశారు. రెండో ఏడాదే ఊడింది. కుట్టించాను. ఆ కుట్టు నిలిచింది, దాని పక్కన పాత సూది రంధ్రాల వరస వెంట గుడ్డ విడిపోయింది. పూత వేసిన పలచని గుడ్డకు సూది రంధ్రం శాశ్వతం. పక్కపక్కన ఎన్ని రంధ్రాలు పడితే అంత సులువుగా, తపాలా బిళ్ళ చింపినట్టు చిరుగుతుంది.

కాన్వాస్ సంచిలో పట్టీ నవారుది, అంగుళంన్నర వెడల్పు. పైన ఆగకుండా వీపు గుడ్డ మీద నాలుగు అంగుళాలు కిందికి దిగి, వెనక ఇంకో ముక్క వేసి, చతురస్రంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టారు. బరువు ఒక గీత మీద కాక చదరం మీద పడుతుంది. నాలుగేళ్ళలో ఒక్కసారి ఒక మూల దారం తెగింది. అదే రంధ్రాల్లోంచి మళ్ళీ కుట్టించాను. పత్తి పోగు ఉబ్బి కొత్త దారాన్ని పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి. ఇది కాన్వాస్ మహిమ మాత్రమే కాదు, కుట్టినవాడి పనితనం. మంచి కుట్టున్న పాలిస్టర్ బ్యాగులు ఉన్నాయి. దొంగకుట్టు కాన్వాస్ సంచులు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. మందపాటి గుడ్డ చూసి మోసపోయేవాళ్ళకు కాన్వాస్ ఇంకా పెద్ద ఉచ్చు. తేడా ఎక్కడంటే, పాడైన తర్వాత కాన్వాస్ మన ఊరి సూదికి లొంగుతుంది.

దారం సంగతిలో మాత్రం కాన్వాస్ అభిమానులు పంతం విడిచిపెట్టాలి. గుడ్డ పత్తిదైనా దారం పాలిస్టర్‌దే కావాలి. నూలు దారం చెమటకు, తడికి ముందుగా చీకిపోతుంది. కుట్టు మరీ దగ్గరగా కూడా ఉండకూడదు. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు చాలు. అంతకు మించితే బలం రాదు, రంధ్రాలు పెరుగుతాయి. ఇంట్లో వాడే కుట్టు మిషన్ నాలుగు పొరల కాన్వాస్ దగ్గర సూది విరుచుకుంటుంది. పట్టాలు కుట్టేవాళ్ళ దగ్గరికో, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గరికో వెళ్ళాలి.

నోరు, వీపు

కాలేజీ బ్యాగు నోరు జిప్పు. ఒక్క చేత్తో తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. బస్సులో నిలబడి చిల్లర తియ్యాలంటే దీనికి మించిన సుఖం లేదు. కానీ దుమ్ము దీనికి శత్రువు. జిప్పులో ముందు పోయేది పళ్ళు కాదు, రన్నర్. దుమ్ముతో అరిగి వదులవుతుంది, అది పోయిన దారిన పళ్ళు కలవవు. కటింగ్ ప్లేయరుతో కాస్త నొక్కితే కొన్నాళ్ళు నడుస్తుంది, తర్వాత రన్నర్ మార్పించాలి. జిప్పు మొత్తం మార్చాల్సివస్తే సంచి సగం విప్పాలి. అందుకే చాలామంది బ్యాగే మార్చేస్తారు.

నా కాన్వాస్ సంచి నోరు తాడుతో ముడుచుకుంటుంది, పైన మూత, మూతకు రెండు ఇనుప బకిళ్ళు. నాలుగేళ్ళలో చెడిందేమీ లేదు, చెడడానికి అక్కడేమీ లేదు. వాన మూత మీదనుంచి జారిపోతుంది. అయితే తెరవడానికి రెండు చేతులూ కావాలి. కండక్టరు ఎదురుగా నిలబడ్డప్పుడు ఈ రెండు బకిళ్ళతో నేను పడిన తొందర మళ్ళీ ఎవరూ పడనక్కర్లేదు. ఒకే కొక్కెం, లోపల చిన్న జిప్పు జేబు పెట్టించుకోవడం మేలు.

వీపు విషయంలో గెలుపు కాలేజీ బ్యాగుదే. దాని పట్టీల్లో స్పాంజి ఉంది, వీపువైపు మెత్త ఉంది. కాన్వాస్ సంచిలో క్యారియర్ అంచు వెన్నుకు గుచ్చుకుంటుంది, వట్టి నవారు ఐదు కిలోలు దాటితే భుజాన్ని కోస్తుంది. నేను తువ్వాలు మడిచి వీపువైపు పెట్టుకుంటాను. పట్టీల కింద కాన్వాస్‌ను నాలుగు మడతలు వేసి, ఆరు సెంటీమీటర్ల వెడల్పున కుట్టిస్తే భుజం బాధ చాలావరకు తగ్గింది. వేసవిలో మాత్రం స్పాంజి వీపు ఉడికిస్తుంది. కాన్వాస్ చెమటను పీల్చుకుంటుంది, సాయంత్రానికి ఉప్పు చారలు చూపిస్తుంది. లాప్‌టాప్ రోజూ మోసేవాళ్ళకు మెత్త తప్పనిసరి. వాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మూడో సాక్షి

ఈ రెండు వంశాల మధ్య నడిచిన సంచి ఒకటుంది. స్వీడన్‌లో ఓకె నూర్దిన్ 1960లో మొదలుపెట్టిన ఫియెల్‌రావెన్ కంపెనీ, బడిపిల్లల వీపునొప్పులను దృష్టిలో పెట్టుకుని 1978లో కోంకెన్ అనే చిన్న సంచిని తెచ్చింది. 16 లీటర్లు, 300 గ్రాములు. దీర్ఘచతురస్రంలా ఉండే ఒకే గది, ముందొక జేబు, రెండు సన్నని పట్టీలు, పైన చేతిపట్టు. దాని గుడ్డ పత్తి కాదు, వినైలాన్. 1939లో జపాన్‌లోని క్యోటోలో కొరియా శాస్త్రవేత్త రి సుంగ్ గి పాలుపంచుకుని తయారుచేసిన దారం అది. చూడ్డానికి కాన్వాస్‌లా ఉంటుంది, బరువు తక్కువ.

కోంకెన్ మన బజారులో వేలల్లో పలుకుతుంది. దాన్ని కొనమని చెప్పడానికి కాదు, దాని రూపం నేర్పే పాఠం కోసం ఇక్కడికి తెచ్చాను. ఆ సంచి పట్టీలకు మెత్తలు లేవు, పదహారు జేబులు లేవు. పిల్లల పుస్తకాలు పట్టేంత కొలత ముందు తీసుకుని, ఆ కొలత చుట్టూ గుడ్డ కుట్టారు. నాలుగు దశాబ్దాలు దాటినా రూపం దాదాపు మారలేదు. జేబులు పెరిగేకొద్దీ కుట్లు పెరుగుతాయి, కుట్లు పెరిగేకొద్దీ పోయే చోట్లు పెరుగుతాయి. నా కాలేజీ బ్యాగుకు ఐదు జిప్పులున్నాయి, రోజూ వాడేది రెండు. మిగతా మూడింటికీ నేను డబ్బిచ్చాను, బరువు మోశాను.

తీర్పు

రోజూ లాప్‌టాప్ మోసేవాళ్ళు, వానలో బండి మీద తిరగక తప్పనివాళ్ళు, కొండల్లో దూరాలు నడిచేవాళ్ళు మంచి కుట్టున్న నైలాన్ లేదా పాలిస్టర్ బ్యాగే తీసుకోవాలి. అక్కడ కాన్వాస్ మీద మమకారం వీపుకు శిక్ష.

మిగిలిన వాళ్ళకు, అంటే బస్సుకూ బజారుకూ తోటకూ నెలకోసారి అడవికీ ఒకే సంచి కావాలనుకునే నాలాంటివాళ్ళకు, నా తీర్పు కాన్వాస్ వైపే. తేలికలో ఓడింది, సుఖంలో ఓడింది, ఆరడంలో ఓడింది. గెలిచిన చోట్లలో ఒకటి మాత్రం మిగతా అన్నింటికంటే పెద్దది. దానికి పట్టిన ప్రతి జబ్బుకూ వైద్యుడు మన ఊళ్ళోనే ఉన్నాడు. మూల అరిగితే ముక్క వేస్తాడు, పట్టీ తెగితే నవారు మారుస్తాడు, కొక్కెం విరిగితే ఇంకొకటి బిగిస్తాడు. మన్నిక అంటే చెడకపోవడం అనుకుంటాం. చెడని సంచి లేదు. చెడిన ప్రతిసారీ తిరిగి లేవగలగడమే మన్నిక. కాలేజీ బ్యాగు మొదట్లో బాగా పనిచేసి, ఆ తర్వాత ఒక్కసారిగా కూలింది. కాన్వాస్ సంచి ప్రతి ఏడూ కొంచెం చెడుతూ, ప్రతి ఏడూ బాగవుతూ ఐదో ఏట అడుగుపెట్టింది.

కుట్టించుకోదలచినవాళ్ళకు కొన్ని మాటలు. 500 గ్రాముల ప్రాంతపు కాన్వాస్ తీసుకోండి. కత్తిరించే ముందు రాత్రంతా నానబెట్టి ఆరబెట్టండి, లేకపోతే మొదటి ఉతుకుకే సంచి కుంచించుకుపోతుంది. రంగుగుడ్డైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు దిగితే చొక్కాకు కూడా దిగుతుంది. ఎత్తు 40, వెడల్పు 28, లోతు 14 సెంటీమీటర్లు దాటనివ్వకండి. అడుగు రెండు పొరలు, పట్టీ మొదట్లో చతురస్రపు కుట్టు, పాలిస్టర్ దారం, ఒకే కొక్కెం, ఒకే లోపలి జేబు. కుట్టేవాడు అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. మీరు కొంటున్నది గుడ్డ కంటే ఎక్కువగా ఆ కుట్టునే.

రెడీమేడ్‌గా కొనేవాళ్ళకు ఒకే ఒక్క మాట. కాన్వాస్ అయినా, నైలాన్ అయినా, ఎంత పెద్ద పేరున్నదైనా, డబ్బులిచ్చే ముందు ఆ సంచిని కొట్లోనే పూర్తిగా తిరగేసి, పట్టీ మొదట్లో లోపలి కుట్టు చూడండి. తిరగేసి చూపించడానికి ఇష్టపడని కొట్లో కొనకండి.